మిగిలిపోయిన గేమ్ కీలు తెలియనివాళ్ళకి పంచడం: ప్రాజెక్టు డైరీ

మొదటి వారాంతం: ఉన్నవన్నీ బయటికి తీయడం

నా దగ్గర వాడని స్టీమ్ కీలు నలభై దాకా ఉన్నాయి. స్టీమ్ అంటే కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్, కీ అంటే గేమ్‌ని అక్కడ మన అకౌంట్లోకి తెచ్చే కోడ్. ఏళ్ళుగా బండిల్స్, అంటే కొన్ని గేములు కలిపి ఒకే ధరకి అమ్మే మూటలు, కొనేవాళ్ళకి ఇది అలవాటే. బండిల్లో ఎనిమిది గేములుంటే మనం డబ్బులు పెట్టింది ఒకటి రెండింటి కోసం, ఇంకో రెండు ముందే లైబ్రరీలో ఉంటాయి, మిగతావి ఈమెయిల్లోనో సైట్ అకౌంట్లోనో పడి ఉంటాయి. 2010 మేలో మొదటి హంబుల్ ఇండీ బండిల్ వచ్చింది, మీకు తోచినంత ఇచ్చి కొనుక్కోండి అన్నారు. ఆ పద్ధతి నచ్చి చాలామంది దాని వెంట వచ్చారు, అప్పట్నుంచీ ఇలా మిగిలిపోయే కీలకి లెక్కే లేదు.

వీటిని ఆడేవాళ్ళ చేతికి చేర్చాలి, అదే ప్రాజెక్టు. అమ్మే ఆలోచన లేదు. నా ఫ్రెండ్స్‌లో పీసీ మీద ఆడేవాళ్ళు తక్కువ, ఆడేవాళ్ళ దగ్గర ఇవన్నీ ముందే ఉన్నాయి, అందుకని తెలియనివాళ్ళకే ఇవ్వాలి.

అసలు డిజిటల్ గేమ్‌లో ఇంకొకరికి ఇవ్వగలిగేది కీ ఒక్కటే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనుక్కుని, చదివేసి, ఇంకొకరికి ఇచ్చినట్టు గేమ్‌ని ఇవ్వలేం. ఐదేసి అక్షరాలు, అంకెలతో మూడు గుంపులుండే ఆ కోడ్‌ని ఒక అకౌంట్లో కొట్టామా, గేమ్ ఆ అకౌంట్‌కి అతుక్కుపోతుంది, ఇక కదలదు. కొన్న గేమ్‌ని తిరిగి అమ్ముకునే హక్కు ఉందని 2019లో పారిస్ కోర్టు ఒకటి స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చినప్పుడు నేను చాలా ఆశ పెట్టుకున్నా. 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఇంకా కొట్టని కీలే మన చేతిలో మిగిలినవి. ఎపిక్ అనే ఇంకో గేమ్ స్టోర్‌లో 2018 డిసెంబరు నుంచి వస్తున్న ఉచిత గేములు కూడా ఇందులోకి రావు, అవి తీసుకున్న క్షణంలోనే మన అకౌంట్లోకి వెళ్ళిపోతాయి.

ఒక షీట్ తెరిచి అన్నీ ఎక్కించా. గేమ్ పేరు, ఎక్కడ కొన్నది, గడువు ఉందా, దేశాల పరిమితి ఉందా, అసలు గేమా లేక డీఎల్‌సీనా (అంటే గేమ్‌కి విడిగా తగిలించుకునే అదనపు భాగం). గడువు కాలమ్ నింపుతుంటేనే టెన్షన్ మొదలైంది, కొన్ని బండిల్స్‌లో ఫలానా తేదీలోపు కీ బయటికి తీయకపోతే అంతే సంగతులు అని రాసి ఉంటుంది. దగ్గర పడ్డవాటికి ఎర్ర రంగు వేశా, ముందు వెళ్ళాల్సినవి అవే.

అదే వారం, సాయంత్రాలు: ఎక్కడ పంచాలి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టా, పెట్టాలి కూడా. గేములు ఉచితంగా ఇస్తామనే సైట్లు కోకొల్లలు, కానీ వాటిలో చాలావాటికి గేమ్ ఒక ఎర మాత్రమే. ఈ పేజీ ఫాలో అవ్వు, ఆ గ్రూపులో చేరు, ఇది షేర్ చెయ్యి, ఒక్కో పనికి లాటరీలో ఒక్కో ఎంట్రీ. స్టీమ్‌లో గ్రీన్‌లైట్ ఉన్న రోజుల్లో, అంటే 2012 నుంచి 2017 మధ్యలో, ఇది శ్రుతి మించిపోయింది. ఏ గేమ్ స్టోర్‌లోకి రావాలో జనం ఓట్లతో తేలేది కదా, కొందరు డెవలపర్లు ఓటేస్తే కీ ఇస్తాం అని వేలకి వేలు పంచేశారు. తీసుకున్నవాళ్ళలో చాలామందికి గేమ్ అక్కర్లేదు, ట్రేడింగ్ కార్డులు కావాలి, అంటే గేమ్ ఆడుతుంటే స్టీమ్‌లో దొరికే, అమ్ముకోగలిగే డిజిటల్ కార్డులు. గేమ్ నడుస్తున్నట్టు చూపించి కార్డులు రాల్చుకుని స్టీమ్ మార్కెట్లో అమ్మే బాట్ అకౌంట్లు, అంటే మనుషులు కాక ప్రోగ్రామ్‌లు నడిపేవి, గుంపులుగా పుట్టుకొచ్చాయి. 2017లో వాల్వ్ ఆ తలుపులు రెండూ మూసింది. గ్రీన్‌లైట్ పోయి, గేమ్‌కి 100 డాలర్లు కట్టి పెట్టుకునే స్టీమ్ డైరెక్ట్ వచ్చింది. ఒక గేమ్‌ని నిజమైన మనుషులు కొని ఆడుతున్నారని స్టీమ్‌కి నమ్మకం కుదిరితేనే దాని కార్డులు రాలేలా మార్చారు. దీనివల్ల పంచే సైట్లకి చాలా మేలు జరిగింది, ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

అన్నీ చూశాక స్టీమ్‌గిఫ్ట్స్ దగ్గర ఆగా. ఇది వాల్వ్‌ది కాదు, బయటివాళ్ళు నడిపే సైట్. ఇచ్చేవాళ్ళు ఒక గేమ్ పెడతారు, దాన్ని గివ్‌అవే అంటారు. కావాల్సినవాళ్ళు ఎంట్రీ పెడతారు, గడువు ముగిశాక లాటరీలా గెలిచినవాళ్ళు తేలతారు. స్టీమ్ అకౌంట్‌తోనే లాగిన్ అవుతాం, మన లైబ్రరీలో ఏమున్నాయో సైట్ చూసుకుంటుంది, ఉన్న గేమ్‌కి మళ్ళీ ఎంట్రీ పెట్టనివ్వదు. డీఎల్‌సీ అయితే అసలు గేమ్ ఉన్నవాళ్ళనే రానిస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ముందే ఉన్న గేమ్‌ని గెలిచి ఏం చేసుకోవాలో తెలియనివాళ్ళు దీంతో ఉండరు.

నాకు బాగా నచ్చింది పాయింట్ల పద్ధతి. సైట్లో ఉన్నవాళ్ళకి పాయింట్లు ఉచితంగానే పడుతుంటాయి, డబ్బు పెట్టి కొనలేం, 400 దాటి దాచుకోలేం. గేమ్ డాలర్ ధర ఎంతో అన్ని పాయింట్లు పెడితేనే ఎంట్రీ, 20 డాలర్ల గేమ్‌కి 20 పాయింట్లు. కాబట్టి కనిపించిన ప్రతిదానికీ చెయ్యెత్తడం కుదరదు, ఏది నిజంగా కావాలో ఆలోచించుకోవాలి. ఉచితంగా దొరికే చోట కూడా మనిషిని కాసేపు ఆపి నీకిది కావాలా అని అడిగే ఏర్పాటు ఇది. ఎవరు తయారు చేశారో గానీ మనసు పెట్టి చేశారు.

లాగిన్ గురించి ఒక మాట, కొత్తవాళ్ళు తప్పకుండా చదవండి. గేములు పంచే సైట్ల పేరుతో స్టీమ్ పాస్‌వర్డ్‌లు కొట్టేసే నకిలీలు చాలా ఉన్నాయి. అసలైన స్టీమ్ లాగిన్ పేజీ తెరుచుకునేది స్టీమ్‌కమ్యూనిటీ డాట్ కామ్ అడ్రస్ మీద. కొన్ని దొంగ సైట్లు అచ్చం బ్రౌజర్ విండోలా కనిపించే బొమ్మని తమ పేజీలోనే గీసి చూపిస్తాయి, అడ్రస్ బార్, తాళం గుర్తుతో సహా. ఆ విండోని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి చూడండి, దాటకపోతే అది బొమ్మే. ముందే స్టీమ్ వెబ్‌సైట్లో లాగిన్ అయి ఉన్నప్పుడు అసలు పేజీ మళ్ళీ పాస్‌వర్డ్ అడగదు, మీ పేరు చూపించి ఒక బటన్ నొక్కమంటుంది. మా కాలనీలో ఇంటర్ చదివే కుర్రాడి అకౌంట్ ఇలాగే పోయింది. తిరిగి వచ్చేదాకా పాపం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

రెండో వారాంతం: కీలు పనిచేస్తాయో లేదో

కీ ఇంకా వాడనిదేనా అన్నది చూడటం కష్టం, చూడటం కోసం కొడితే అది నా అకౌంట్‌లోకే వచ్చేస్తుంది. ఒక దారి ఉంది గానీ, నా లైబ్రరీలో ముందే ఉన్న గేములకే అది పనికొస్తుంది. అలాంటి కీ కొడితే, ఇది నీ దగ్గర ఉంది అని స్టీమ్ చెప్పి ఆగిపోతుంది, కీ ఖర్చవ్వదు. ఇంకెవరో ముందే వాడేసిన కీ అయితే వేరే మెసేజ్ వస్తుంది. అయితే వరసగా ఇలా కొడుతూ పోతే స్టీమ్ కాసేపు ఆపేస్తుంది, కాబట్టి నిదానంగా, మధ్యలో వేరే పని చూసుకుంటూ చేయాలి. గేమ్‌తో పాటు మన దగ్గర లేని డీఎల్‌సీ ఏదైనా కలిసి ఉన్న కీలు ఇలా కొట్టకండి, ఆ ప్యాకేజీ మనకే వచ్చేసే ప్రమాదం ఉంది.

నా దగ్గర లేని గేముల కీలని ఈ పద్ధతిలో చూడలేం. వాటికి కొన్న చోటు మీద నమ్మకమే ఆధారం. పబ్లిషర్ దగ్గర నేరుగా కీలు తీసుకునే షాపు అయితే భయం లేదు. ఎవరైనా వచ్చి కీలు అమ్ముకునే మార్కెట్ తరహా సైట్లలో కొన్నవి మాత్రం పక్కన పెట్టేశా, ఒకరికి గిఫ్ట్‌గా ఇచ్చిన గేమ్ తర్వాత రద్దయి లైబ్రరీ నుంచి మాయమైతే ఆ మనిషికి ఎలా ఉంటుంది? అలాంటివి పంచకపోవడమే మర్యాద.

ఒక విషయం చాలామందికి తెలియదు. డెవలపర్లకి ఈ కీలు స్టీమ్ ఉచితంగానే ఇస్తుంది, బయట అమ్ముకున్న కీ మీద వాల్వ్ వాటా కూడా తీసుకోదు. బండిల్స్ నడిచేదే దీనివల్ల. కాకపోతే 2017 నుంచి, అమ్మకాలతో పొంతన లేకుండా లక్షల్లో కీలు అడిగేవాళ్ళకి ఇవ్వడం తగ్గించారు.

ఆ తర్వాతి వారం: లెవెల్ పెట్టాలా వద్దా

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువగా ఆలోచించింది దీని గురించే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

స్టీమ్‌గిఫ్ట్స్‌లో ప్రతివాళ్ళకీ ఒక లెవెల్ ఉంటుంది, 0 నుంచి 10 దాకా. మీరు ఇప్పటిదాకా ఎంత విలువైన గేములు ఇచ్చారో దాన్ని బట్టి అది పెరుగుతుంది. బండిల్లో చవగ్గా దొరికిన గేములకి పూర్తి విలువ కట్టరు, ఉచితంగా పంచేసిన గేములకి విలువే లేదు. గివ్‌అవే పెట్టేటప్పుడు, ఫలానా లెవెల్ దాటినవాళ్ళే రావాలి అని గీత గీయొచ్చు. పై లెవెల్స్‌కి వెళ్ళాలంటే వందల డాలర్ల, ఆపైన వేల డాలర్ల విలువైన గేములు ఇచ్చి ఉండాలి.

దీని వెనకాల ఉన్న న్యాయం అర్థమవుతుంది. ఇచ్చేవాళ్ళని ఉత్సాహపరచాలి, ఊరికే తీసుకోవడానికే వచ్చే అకౌంట్లని దూరం పెట్టాలి. కానీ కొన్నాళ్ళు ఆ జాబితాలు చూస్తూ కూర్చున్నాక నాకు అనిపించింది, మంచి గేములన్నీ పై లెవెల్స్‌లోనే తిరుగుతున్నాయి, కొనుక్కోగలిగేవాళ్ళు కొనుక్కోగలిగేవాళ్ళకే ఇచ్చుకుంటున్నారు. వందల గేములున్న లైబ్రరీలోకి ఇంకొక గేమ్ వెళ్తుంది, అది ఎప్పటికి తెరుచుకుంటుందో చెప్పలేం. అదే గేమ్ పాత ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు గేములతో గడిపే కాలేజీ పిల్లాడికి దొరికితే సెలవులంతా ఆడతాడు. స్టీమ్‌లో రూపాయల్లో ధరలు వచ్చింది 2015లో. అంతకుముందు మన దగ్గర డాలర్ల లెక్కలో, కార్డు ఉన్నవాళ్ళని బతిమాలి కొనుక్కున్నవాళ్ళు ఎంతమందో. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా నువ్వు ఎంత ఇచ్చావు అని అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

మరి లెవెల్ 0కి తెరిచేస్తే? దాని ఇబ్బందులు దానికున్నాయి. వేల ఎంట్రీలు వస్తాయి, అందులో స్క్రిప్ట్ పెట్టి దానంతట అదే చేరేలా చేసుకున్న అకౌంట్లుంటాయి. సైట్ నియమాల ప్రకారం అది నిషేధం, అయినా దొంగతనంగా చేసేవాళ్ళు ఉన్నారు. లెవెల్ 1 పెడితే, అంటే ఎంత చిన్నదైనా సరే ఒక్క గేమ్ ఇచ్చి ఉంటే చాలు అంటే, వీళ్ళు కొంత తగ్గుతారు.

నాకు సరిపడింది ఇంకో దారి, ఎస్‌జీటూల్స్ అనే వేరే సైట్. గివ్‌అవేని లింక్ ఉన్నవాళ్ళకే కనిపించేలా పెట్టి, ఆ లింక్‌ని ఎస్‌జీటూల్స్ వెనకాల దాచాలి. వచ్చినవాళ్ళ చరిత్రని అది చూస్తుంది. ఇంతకుముందు గెలిచిన గేములన్నీ సొంత అకౌంట్లో యాక్టివేట్ చేశారా, ఒకే గేమ్‌ని రెండుసార్లు గెలిచి ఒకటి పక్కకి తప్పించారా, ఇలా. అన్నీ సరిగ్గా ఉంటే లింక్ ఇస్తుంది. లెవెల్ అడిగితే నువ్వు ఎంత ఇచ్చావు అని అడిగినట్టు, ఇక్కడ అడుగుతున్నది నీకు ఇచ్చింది నువ్వు వాడుకున్నావా అని. తెలియని మనిషికి వస్తువు ఇచ్చేటప్పుడు నేను అడగదలచుకున్న ప్రశ్న ఇదొక్కటే. ఏమీ ఇవ్వలేని పిల్లాడు కూడా దీనికి తలెత్తుకుని జవాబు చెప్పగలడు.

కాబట్టి లెవెల్ 0 పెట్టి, ఎస్‌జీటూల్స్ వడపోత పెట్టి, వ్యవధి వారం ఇవ్వాలని నిర్ణయించా. గంట వ్యవధి పెడితే మన టైమ్ జోన్‌లో మేలుకుని ఉన్నవాళ్ళకే దొరుకుతుంది, వారం అంటే ఎక్కడివాళ్ళకైనా ఒకసారి చూసే వీలుంటుంది.

నెలాఖరు: మొదటి ట్రైన్

ఎర్ర రంగు వేసినవాటితో ఒక ట్రైన్ కట్టా. ఒక గివ్‌అవే వివరణలో తర్వాతి దాని లింక్, దాన్లో ఆ తర్వాతిది, ఇలా బోగీల్లా తగిలించి పెట్టడాన్ని అక్కడ ట్రైన్ అంటారు. ముందు అందరికీ కనిపించే గివ్‌అవే ఒకటి పెట్టి, దాని వివరణలో ఎస్‌జీటూల్స్ లింక్ ఇచ్చా. చదివేవాళ్ళకే లోపలికి దారి తెలుస్తుంది, చదవకుండా బటన్ నొక్కి వెళ్ళిపోయే స్క్రిప్ట్ ఇంజన్ దగ్గరే ఉండిపోతుంది.

ఈసారి వెళ్ళినవాటిలో పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన రాజీ కీ ఒకటి, అది 2020లో వచ్చింది. మన పురాణాల ప్రపంచాన్ని మన దేశంలో కూర్చుని కట్టిన గేమ్ అది, ఎక్కడో తెలియని దేశంలో ఒకరు ఆడతారంటే నాకు చాలా ఆనందం. ఇంకోటి దిస్ వార్ ఆఫ్ మైన్. యుద్ధం మధ్యలో చిక్కుకున్న మామూలు జనంగా బతకాలి అందులో, పోలండ్‌లో 2020లో దీన్ని స్కూలు పిల్లలు చదవదగ్గవాటి జాబితాలో చేర్చారు. ప్రతి గేమ్‌కీ నాలుగు లైన్లు రాశా, ఎలాంటి గేమ్, ఎలాంటివాళ్ళకి నచ్చుతుంది, పాత కంప్యూటర్లో నడుస్తుందా. ఈ చివరిది తప్పకుండా రాయండి. గెలిచాక నడవట్లేదని తెలిస్తే ఇద్దరికీ బాధే.

ఒక కీ కొన్ని దేశాల్లోనే పనిచేస్తుందని కొన్నచోట రాసి ఉంది. దాన్ని ట్రైన్‌లో కలపకుండా విడిగా పెట్టి, ఆ దేశాలే ఎంచా. సైట్లో అందుకు ఏర్పాటు ఉంది.

కీని గివ్‌అవే పెట్టేటప్పుడే ఎక్కించేయొచ్చు, గడువు ముగియగానే గెలిచినవాళ్ళకి కనిపిస్తుంది, మనం మేలుకుని ఉండక్కర్లేదు. కీ పనిచేశాక వాళ్ళు అందింది అని మార్క్ చేయాలి.

వారం తర్వాత: ఫలితాలు, ఒక చిక్కు

ఎక్కువమంది ఆ రోజే యాక్టివేట్ చేశారు. ఒకరు రాజీ మొదటి ఘట్టం స్క్రీన్‌షాట్ పంపి, ఆ గోడల మీద బొమ్మల కథలు నిజంగా ఉన్నవేనా అని అడిగారు. అరగంట కూర్చుని మహిషాసురుడి కథ, దుర్గమ్మ సంగతి ఉన్నంతలో రాసి పంపా. ఇలాంటి ఉత్తరం ఒక్కటి చాలు.

చిక్కు ఏంటంటే, ఒక కీ ముందే ఎవరో వాడేసినదని గెలిచిన మనిషి చెప్పారు. అది ఎప్పుడో ఒక చిన్న బండిల్ షాపులో కొన్నది. స్క్రీన్‌షాట్ అడిగితే వెంటనే పంపారు, మెసేజ్ స్పష్టంగా ఉంది. షాపువాళ్ళకి రాస్తే, మా దగ్గర ఇక కీలు లేవు అని ఒక్క లైను జవాబు. ఇలాంటప్పుడు గెలిచినవాళ్ళు ఒప్పుకుంటే సైట్ సపోర్ట్‌కి టికెట్ పెట్టి గివ్‌అవే తీసేయించొచ్చు. కానీ వారం ఎదురుచూసి గెలిచిన మనిషికి చేయి ఖాళీగా చూపించడానికి నాకు మనసొప్పలేదు, ఇంకో కాపీ కొనాలనుకున్నా.

కొనడం కూడా అంత తేలిక కాదు. స్టీమ్‌లోనే కొని నేరుగా గిఫ్ట్‌గా పంపితే అయిపోతుందిగా అంటారు. 2017 మే నుంచి అది ఫ్రెండ్ లిస్టులో ఉన్నవాళ్ళకి నేరుగా మాత్రమే వెళ్తుంది, రెండు దేశాల మధ్య ధరలో తేడా ఎక్కువుంటే అదీ వెళ్ళదు. మన రూపాయి ధర తక్కువ కాబట్టి ఇక్కడ కొని అమెరికాకి పంపబోతే చాలాసార్లు ఆగిపోతుంది. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడికి పుట్టినరోజుకి పంపబోయినప్పుడు ఇదే చూశా. చవక దేశంలో కొని ఖరీదు దేశంలో అమ్ముకునేవాళ్ళని ఆపడానికి పెట్టిన నియమం, మధ్యలో మేనమామలు కూడా ఆగిపోతున్నారు. చివరికి పబ్లిషర్ల అనుమతి ఉన్న వేరే షాపులో, ఏ దేశంలోనైనా పనిచేసే కీ అని చూసుకుని, తగ్గింపు ఉన్నప్పుడు కొని పంపించా. అందింది, ఆడుతున్నారు.

ఇంకొకరి లైబ్రరీలో గెలిచిన గేమ్ కనపడలేదు. ఇలాంటప్పుడు వెంటనే నిందించకూడదు. 2018 ఏప్రిల్ నుంచి స్టీమ్‌లో గేముల జాబితా మామూలుగా దాచి ఉంటుంది, 2024లో ఒక్కో గేమ్‌ని విడిగా ప్రైవేట్ చేసుకునే వీలు కూడా వచ్చింది. మర్యాదగా ఒక మెసేజ్ పెట్టా, రెండు రోజుల్లో సెట్టింగ్ మార్చి చూపించారు. అసలు యాక్టివేట్ చేయకుండా ఇంకొకరికి ఇచ్చినా అమ్మినా సైట్ వాళ్ళ అకౌంట్‌ని కొన్నాళ్ళు ఆపేస్తుంది, మనం పోట్లాడే పని లేదు, రిపోర్ట్ చేస్తే చాలు.

ఈ వారం: రెండో ట్రైన్

గెలిచినవాళ్ళ లైబ్రరీలు ఒకసారి తిరగేశా. పై లెవెల్‌వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, మిగతావి చిన్న లైబ్రరీలు, గెలిచిన గేమ్ పక్కన ఆడిన గంటలు కనిపిస్తున్నాయి. లెవెల్ 0 అలాగే ఉంచుతున్నా.

రెండో ట్రైన్‌కి రెండు మార్పులు. వివరణలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో కూడా రాస్తున్నా, చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే పలకరిస్తారని. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే స్క్రీన్ మీద ఆడుకునే గేములన్నీ ఒక పక్కకి తీసి, వాటిని దసరా సెలవులకి ముందు వారం పెట్టబోతున్నా. డీఎల్‌సీలు చివర్లో. షీట్లో ఎర్ర రంగు ఇంకా నాలుగు వరసలకి ఉంది, వాటి కీలు ఈ రాత్రికే తీసి రేపు సాయంత్రం ఎక్కిస్తా.